అసలు, నకలు: కూలిన సర్వరును తిరిగి సమూహంలో చేర్చుకొనుట

ఒక సంస్థ వ్యవహారం యావత్తూ ఒకే కంప్యూటరు మీద ఆధారపడి ఉండటం క్షేమకరం కాదని ఆ యంత్రాల నిర్మాతలు చాలాకాలం క్రితమే గుర్తించారు. విద్యుత్తు ఆగవచ్చు, డిస్కు చెడవచ్చు, లోపలి చిన్న ఫ్యాను నిలిచిపోయి యంత్రం వేడెక్కవచ్చు. అందుచేత ఒకే పనిని రెండు మూడు సర్వర్లకు ఉమ్మడిగా అప్పగించి, ఒకటి కూలినప్పుడు మరొకటి ఆ పనిని అందుకొనేటట్లు ఏర్పాటు చేయడం ఆచారంలోకి వచ్చింది. ఇట్టి ఏర్పాటును హై అవైలబిలిటీ క్లస్టరు అంటారు. అందులోని ఒక్కొక్క సర్వరుకు నోడు అని పేరు. అమెరికాలో 1974లో స్థాపితమైన టాండెమ్ కంపెనీ తన తొలి నాన్‌స్టాప్ యంత్రాన్ని 1976లో అందజేసింది. 1983లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషను వారి వ్యాక్స్‌క్లస్టరు వెలువడింది. ఆనాడు పెద్ద బ్యాంకులకు మాత్రమే అందుబాటులో ఉన్న ఈ పద్ధతిని ఈనాడు ఒక సామాన్య కళాశాల సైతం అనుసరించగలదు.

ఒక నోడు కూలినప్పుడు మరొకటి దాని పనిని ఎట్లా అందుకుంటుందో పాఠ్యగ్రంథాలు విపులంగానే వివరిస్తాయి. కూలిన నోడు బాగుపడి తిరిగివచ్చే ఘట్టాన్ని మాత్రం తరచు రెండు వాక్యాలలో ముగిస్తాయి. వాస్తవానికి ప్రమాదమంతా ఆ ఘట్టంలోనే పొంచి ఉన్నది. పడిపోయిన సర్వరు వల్ల సేవ కొంతసేపు నిలిచిపోతుంది, అంతే. అజాగ్రత్తగా లేపి నిలబెట్టిన సర్వరు వల్ల నిజమైన లెక్కలే చెరిగిపోవచ్చు. ఈ రెండవ విషయాన్ని, లోకానికి తెలిసిన రెండు ఉదంతాల ఆధారంగా, ఇచ్చట పరిశీలింపదలచాను.

ఇందుకు కావలసిన పరిభాష చాలావరకు మన వాడుకలోనే సిద్ధంగా ఉన్నది. మార్పులను స్వీకరించే అధికారం గల నోడును ‘అసలు’ అనీ, దానిని చూసి రాసుకొనే నోడును ‘నకలు’ అనీ పిలుద్దాం. రెండు మాటలూ అరబ్బీ నుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చినవే. ఈ కళాశాలలో ఏ మాధ్యమంలో చదివే విద్యార్థికైనా వాటి అర్థం చెప్పనక్కరలేదు. వాణిజ్య శాస్త్ర విద్యార్థులకు మరి రెండు మాటలు తెలుసు: చిట్టా, ఆవర్జా. వ్యాపారి ప్రతి లావాదేవీని జరిగిన వరుసలో ముందు చిట్టాలో రాసి, తరువాత ఆవర్జాలోని ఆయా ఖాతాలకు ఎక్కిస్తాడు. డేటాబేసు చేసే పని కూడా ఇదే. ప్రతి మార్పునూ ముందుగా వరుస తప్పని ఒక చిట్టాలో రాసుకొని, ఆ తరువాతనే ఆవర్జాను దిద్దుతుంది. అసలు సర్వరు తన చిట్టా పుటలను ఎప్పటికప్పుడు నకలుకు పంపుతూ ఉంటుంది. నకలు వాటిని చూసి తన ఆవర్జాను దిద్దుకుంటుంది. ఈ నాలుగు మాటలు మనసులో ఉంచుకుంటే తక్కిన విషయం సులభగ్రాహ్యమవుతుంది.

ఇంతకూ సర్వరు కూలిందని ఎవరు నిర్ణయించాలి? క్లస్టరులోని నోడ్లు ఒకదానికొకటి క్షణక్షణమూ ‘ఉన్నాను’ అనే చిన్న సందేశాన్ని పంపుకుంటూ ఉంటాయి. దీనిని హార్ట్‌బీట్ అంటారు. తరగతిలో హాజరు పలకడం వంటిదే ఇది. పేరు పిలిచినప్పుడు పలకని విద్యార్థి రాలేదని అధ్యాపకుడు రాసుకుంటాడు. కాని ఆ విద్యార్థి వెనుక బల్లమీద కునుకు తీస్తూ ఉండవచ్చు. లేదా పలికినా ముందువరకు వినపడి ఉండకపోవచ్చు. సర్వరు మౌనానికీ ఇట్లాగే మూడు అర్థాలు ఉన్నాయి. యంత్రం నిజంగా ఆగిపోయి ఉండవచ్చు. పని ఒత్తిడివల్ల జవాబు ఆలస్యమై ఉండవచ్చు. యంత్రం చక్కగా నడుస్తూనే ఉండగా మధ్యనున్న తీగ తెగి ఉండవచ్చు. అవతలి నోడుకు ఈ మూడూ ఒకేలాగ కనిపిస్తాయి. మూడవ సందర్భంలో నకలు తొందరపడి అసలు పదవిని స్వీకరిస్తే, ఒకే సంస్థకు ఒకే సమయంలో రెండు అసళ్లు, రెండు చిట్టాలు ఏర్పడతాయి. ఇంగ్లీషులో దీనిని స్ప్లిట్ బ్రెయిన్ అంటారు.

ఈ ప్రమాదపు ఛాయలు గిట్‌హబ్ సంస్థలో 2018 అక్టోబరు 21న కనిపించాయి. ప్రపంచంలోని ప్రోగ్రాము రచయితలు తమ ప్రోగ్రాములను భద్రపరచుకొనే చోటు అది. అమెరికా తూర్పు తీరంలో చెడిపోతున్న ఒక ఆప్టికల్ పరికరాన్ని మార్చుతూ ఉండగా, అక్కడి నెట్‌వర్కు కూడలికీ ముఖ్య డేటా కేంద్రానికీ మధ్య సంబంధం 43 సెకన్లపాటు తెగిపోయింది. డేటాబేసులను కనిపెట్టి ఉండే ఆర్కెస్ట్రేటర్ అనే ప్రోగ్రాము, ఇతర కేంద్రాలలోని తన భాగాల మెజారిటీతో, తూర్పు తీరపు అసలు సర్వర్లు అందుబాటులో లేవని తీర్మానించి పశ్చిమ తీరపు నకళ్లకు ఆ పదవి కట్టబెట్టింది. 43 సెకన్ల తరువాత తీగ అతికింది. కాని అప్పటికే తూర్పు చిట్టాలో పశ్చిమానికి చేరని రాతలు కొన్ని మిగిలిపోయాయి. పశ్చిమ చిట్టాలో ఆ తరువాత దాదాపు 40 నిమిషాలపాటు కొత్త రాతలు పడ్డాయి. రెండు చిట్టాలలోనివీ నిజమైన వ్యవహారాలే. అయినా ఒకదాని వెంట ఒకటి చేర్చి ఒకే చిట్టాగా కుట్టడానికి వీలు లేదు.

సంస్థ నిర్వాహకులు సేవల వేగం కంటె లెక్కల నిజాయితీయే ముఖ్యమని నిశ్చయించుకున్నారు. తూర్పు తీరపు సర్వర్లను ఉన్నవి ఉన్నట్లుగా మళ్లీ గద్దె ఎక్కించలేదు. వాటిని బ్యాకప్పుల నుండి తిరిగి నింపి, పశ్చిమపు చిట్టాతో సమానం చేసి, ఆ తరువాతనే పూర్వపు స్థానం ఇచ్చారు. సేవలు పూర్తిగా చక్కబడటానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. 43 సెకన్ల విచ్ఛేదానికి ఇంత మూల్యమా అని కొందరు ఆక్షేపించవచ్చు. నా దృష్టిలో వారి నిర్ణయం సరియైనదే. వారి రద్దీ క్లస్టర్లలో ఒకదానిలో అట్లా మిగిలిపోయిన రాతలు 954. ఈ సంఖ్య చిన్నదిగా తోచవచ్చు. పరీక్ష ఫీజు చెల్లించి, ‘చెల్లించినట్లు నమోదైనది’ అన్న మాట తెరపై చూసుకొని ఇంటికి వెళ్లిన ఒక విద్యార్థి రాత ఆ 954లో ఒకటైతే, హాల్ టికెట్టు రానినాడు అతడు ఎవరికి మొర పెట్టుకోవాలి? సర్వరు ఒకసారి ‘రాసుకున్నాను’ అన్న తరువాత ఆ మాట మాట్లాడకుండా తుడుచుకుపోకూడదు.

రెండు అసళ్లు ఏర్పడకుండా చేసే ఉపాయాలు ముఖ్యంగా రెండు. మొదటిది కోరం. సభ్యులలో సగానికి మించి ఒకవైపు ఉంటేనే ఆ వైపు పని చేయాలి. ముగ్గురు సభ్యుల క్లస్టరు ఒకరిని పోగొట్టుకున్నా నిలుస్తుంది. అయిదుగురిది ఇద్దరిని పోగొట్టుకున్నా నిలుస్తుంది. నలుగురిది మాత్రం ఒకరినే భరించగలదు కనుక నాలుగవ యంత్రంపై వెచ్చించిన సొమ్ము ఈ విషయంలో వృథా. ఇద్దరే ఉన్నచోట మెజారిటీ అంటే ఇద్దరూ ఉండటమే. రెండు సర్వర్లు కొని ఇక నిశ్చింత అని భావించే కార్యవర్గాలు ఈ లెక్కను ఒకసారి వేసి చూసుకోవడం మంచిది. మూడవ ఓటుకు పెద్ద యంత్రం అక్కరలేదు. లెక్కలేవీ దాచక, ఓటు మాత్రం వేసే చిన్న కంప్యూటరు చాలు. వ్యాక్స్‌క్లస్టరులో ఒక డిస్కుకే ఓటిచ్చి దానిని కోరం డిస్కు అనేవారు.

రెండవది ఫెన్సింగు, అనగా కంచె వేయడం. మౌనం వహించిన నోడు చచ్చినదో బ్రతికినదో తెలియనప్పుడు, దాని విద్యుత్తును దూరంనుండే ఆపివేసి, ఆగిందని రూఢి అయిన తరువాతనే నకలు పదవి స్వీకరించాలి. లైనక్స్ నిర్వాహకులు దీనికి స్టోనిత్ అని పేరు పెట్టారు. ‘పక్క నోడును తలపై కాల్చు’ అని అర్థమిచ్చే ఇంగ్లీషు వాక్యంలోని మొదటి అక్షరాల కూర్పు అది. పేరు మోటుదే గాని నీతి గట్టిది. చనిపోయిందని ఊహించడం వేరు, చనిపోయిందని తెలియడం వేరు.

ఇక కూలిన నోడు తిరిగివచ్చే ఘట్టం. వచ్చేటప్పుడు అది మూడు స్థితులలో ఒకదానిలో ఉంటుంది. కేవలం వెనుకబడి ఉంటే వైద్యం తేలిక: తాను లేని కాలపు చిట్టా పుటలను అసలు నుండి తెచ్చుకొని వరుసగా ఎక్కించుకుంటే చాలు. రెండవ స్థితిలో అది ఒకప్పటి అసలు. కూలేముందు ఎవరికీ పంపని రాతలు కొన్ని దాని చిట్టాలో ఉంటాయి. అప్పుడు దారి చీలిన చోటు వరకు దానిని వెనక్కి నడిపించి, అక్కడినుండి కొత్త అసలు మార్గంలో ముందుకు తీసుకురావాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేసులో నకలు అసలుగా మారిన ప్రతిసారీ కొత్త ‘టైమ్‌లైన్’ సంఖ్య మొదలవుతుంది కనుక ఆ చీలిక ఎక్కడిదో కనుగొనవచ్చు. ఆ పని చేసే పీజీ రివైండ్ అనే పరికరం 2016లో విడుదలైన 9.5 సంచికతో కలిసి వచ్చింది. అయితే వెనక్కి నడిపించడమంటే ఆ చీలిన రాతలను పారవేయడమే. కావున ముందుగా వాటి ప్రతిని వేరుచోట దాచి, మనుషులు కూర్చుండి పరిశీలించాలి. మూడవ స్థితిలో డిస్కు పూర్తిగా పోయి ఉంటుంది, లేదా కావలసిన చిట్టా పుటలు ఎక్కడా మిగిలి ఉండవు. అప్పుడు ఆవర్జా మొత్తాన్ని మొదటినుండి నకలు చేయడం తప్ప గత్యంతరం లేదు.

ఈ మూడవ స్థితిలో ఎంతటి విపత్తు జరగగలదో గిట్‌ల్యాబ్ సంస్థ ఉదంతం తెలుపుతుంది. అదికూడా గిట్‌హబ్ వంటి సేవయే. 2017 జనవరి 31 నాటికి అందులో డి.బి.1 అనే అసలు, డి.బి.2 అనే నకలు ఉండేవి. అంతర్జాతీయ కాలమానం ప్రకారం ఆనాటి సాయంకాలం 7 గంటల ప్రాంతాన డేటాబేసుపై భారం విపరీతంగా పెరిగింది. రాత్రి 11 గంటల వేళకు నకలు బాగా వెనుకబడింది. దానికి ఇంకా అందవలసిన చిట్టా పుటలను అసలు సర్వరు అప్పటికే తీసివేసింది. చోటు కోసం పాత పుటలను తీసివేయడం డేటాబేసుకు సహజమే. వాటిని మరొకచోట భద్రపరిచే ఏర్పాటు అక్కడ లేకపోయింది. మొత్తం నకలు తీయవలసిన అవసరం ఏర్పడింది.

ఆ పని చేసే పరికరం పేరు పీజీ బేస్‌బ్యాకప్. నకలు సర్వరులోని డేటా డైరెక్టరీ ఖాళీగా ఉంటేనే అది పని మొదలుపెడుతుంది. కనుక డి.బి.2లోని డైరెక్టరీని ఇంజనీర్లు ఖాళీ చేశారు. పరికరం మరొక అభ్యంతరం తెలిపింది: చిట్టా పంపే సంబంధాల పరిమితి చాలదన్నది. దానిని పెంచి పునఃప్రారంభించబోతే డేటాబేసు లేవలేదు. 8000గా ఉన్న మొత్తం సంబంధాల పరిమితిని 2000కు తగ్గించవలసి వచ్చింది. అన్నీ సరిచేసి మళ్లీ పరికరాన్ని నడిపితే ఈసారి అది ఏమీ అనక ఊరకుండిపోయింది. నిజానికి అసలు సర్వరు పంపడం మొదలుపెట్టే వరకు నిశ్శబ్దంగా వేచి ఉండటం దాని స్వభావం. ఆ సంగతి అప్పటికి ఎక్కడా స్పష్టంగా రాసి ఉండలేదు. మౌనానికి మూడు అర్థాలని పైన చెప్పుకున్నాం. ఇచ్చట కూడా మౌనాన్ని తప్పుగా చదవడం జరిగింది. పాత ప్రయత్నాల అవశేషాలు డైరెక్టరీలో మిగిలి ఉండటంవల్లనే పని సాగడం లేదని ఒక ఇంజనీరు భావించి, దానిని మరొకసారి చెరిపివేయుమని ఆజ్ఞ ఇచ్చాడు. ఒకటి రెండు సెకన్లలోనే తాను ఉన్నది డి.బి.2లో కాదు, డి.బి.1లో అని గ్రహించి ఆపాడు. అప్పటికి సుమారు 300 జి.బి. లెక్కలలో 4.5 జి.బి. మాత్రమే మిగిలింది. నకలును అంతకుముందే ఖాళీ చేశారు; ఇప్పుడు అసలు కూడా పోయింది.

బ్యాకప్పులు లేవా అని పాఠకులు అడుగుతారు. ఉన్నాయనే అందరూ అనుకున్నారు. దినదినమూ తీయవలసిన ప్రతి బహుకాలంగా విఫలమవుతూ ఉన్నది. డేటాబేసు 9.6 సంచిక కాగా, ప్రతి తీసే పరికరం 9.2 సంచికకు చెందినది నడుస్తూ ఉండటమే కారణం. ఆ వైఫల్యాన్ని తెలిపే ఈమెయిళ్లు వెళ్లాయి గాని, వాటికి తగిన ధ్రువీకరణ లేనందున స్వీకర్త సర్వరు తిరస్కరించింది. చివరకు ఆ సంస్థను ఆదుకున్నది దైవికమైన ఒక సంఘటన. ప్రమాదానికి 6 గంటల ముందు ఒక ఇంజనీరు వేరే పరీక్ష కోసం డేటాబేసు ఛాయాప్రతి ఒకటి తీసి పెట్టాడు. మందకొడి డిస్కులనుండి దానిని వెనక్కి తెచ్చుకోవడానికి చాలా గంటలు పట్టి, మరునాటి సాయంకాలం 6 గంటలకు సేవ పునరుద్ధరింపబడింది. మధ్యనున్న 6 గంటల లెక్కలు తిరిగి రాలేదు. సుమారు 5000 ప్రాజెక్టుల, 5000 వ్యాఖ్యల, 700 కొత్త ఖాతాల సమాచారం పోయిందని సంస్థయే ప్రకటించింది. ప్రోగ్రాముల ప్రతులు వేరుచోట ఉన్నందున అవి చెక్కుచెదరలేదు. పునరుద్ధరణ పనిని వారు దాచక ప్రజలందరి యెదుట యూట్యూబులో ప్రసారం చేయడం, తరువాత పూర్తి వివరణ ప్రకటించడం ప్రశంసనీయం.

ఆ ఇంజనీరును నిందించి ఊరుకోవడం తేలికే గాని దానివల్ల ప్రయోజనం లేదు. టాండెమ్ యంత్రాల అంతరాయాలను పరిశీలించి జిమ్ గ్రే 1985లో ప్రకటించిన పత్రంలో సుమారు 42 శాతం నిర్వహణకు సంబంధించినవని తేలింది. యంత్రభాగాల లోపాలు 18 శాతం మాత్రమే. అర్ధరాత్రి సమీపిస్తున్న వేళ, ఒకే రంగులో ఒకే రూపంలో ఉన్న రెండు తెరలలో ఏది అసలుదో ఏది నకలుదో గుర్తుంచుకొమ్మని అలసిన మనిషిని కోరడం పద్ధతిలోని లోపమే. ప్రమాదం తరువాత ఆ సంస్థ చేపట్టిన పనులలో, ప్రతి సర్వరు తెరపైనా దాని పేరు స్పష్టంగా వేరుగా కనిపించేటట్లు చేయడం కూడా ఒకటి. నేను దీనికి మరొక జాగ్రత్త చేర్చుతాను. డైరెక్టరీని ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు చెరపడం కంటె దానికి వేరే పేరు పెట్టి పక్కకు జరపడం మేలు. పని పూర్తయి రెండు రోజులు గడిచిన తరువాత చెరిపినా నష్టమేమీ లేదు.

కూలిన నోడు మరచిపోగలిగినవి లెక్కలు మాత్రమే కావు. ఇచ్చిన మాటలు కూడా. లెస్లీ లాంపోర్ట్ 1998లో ప్రచురించిన ప్రసిద్ధ పత్రంలో, పాక్సోస్ అనే ద్వీపంలోని శాసనసభ్యులు తమ వాగ్దానాలను చెరగని సిరాతో పుస్తకాలలో రాసుకుంటారని ఒక కల్పన ఉన్నది. సభ నుండి లేచిపోయి తిరిగివచ్చిన సభ్యుడు ఆ పుస్తకాన్ని చూసి తన పాత మాటకు కట్టుబడి ఉంటాడు. పుస్తకమే పోగొట్టుకున్న సభ్యుడు వస్తే? ఒకే ఎన్నికలో ఒకసారి ఒకరికి, మరచిపోయి మరొకసారి ఇంకొకరికి ఓటు వేయగలడు. అప్పుడు మెజారిటీ లెక్కయే అబద్ధమవుతుంది. 2014లో వెలువడిన రాఫ్ట్ పద్ధతికీ ఈ నియమమే వర్తిస్తుంది. దాని ఆధారంగా పనిచేసే ఎట్‌సీడీలో డిస్కు పోగొట్టుకున్న నోడును పాత సభ్యత్వంతో లేపరాదు. ముందుగా ఆ సభ్యత్వాన్ని రద్దు చేసి, ఖాళీ డిస్కుతో కొత్త సభ్యుడుగా చేర్చుకోవాలి. రద్దు ముందు, చేర్పు తరువాత. మూడింటిలో ఒకటి పడిపోయి ఉండగా ముందే నాలుగవదాన్ని చేర్చితే మెజారిటీ మూడుకు పెరుగుతుంది; బ్రతికి ఉన్నవి రెండే కనుక, కొత్తది లేవకపోతే సభ మొత్తం స్తంభిస్తుంది.

మూడు సర్వర్లలో ప్రవేశాల జాబితా, ఫీజు లెక్కలు ఉంచుకున్న కళాశాలలో ఒకనాటి ఉదయం ఒక నోడు కూలిందనుకుందాం. మొదటి పని దానిని లేపడం కాదు. దాని నెట్‌వర్కు తీగను విడదీసి ఉంచాలి. మిగిలిన రెండింటిలో అసలు ఏదో కాగితంపై రాసి యంత్రానికి అతికించాలి. ఆ అసలు నుండి కొత్త బ్యాకప్పు తీసి, దానిని వేరొక కంప్యూటరుపై తెరచి, క్రితం రోజు చివరి రసీదు అందులో ఉన్నదో లేదో చూడాలి. ఆ తరువాతనే కూలిన యంత్రాన్ని ఒంటరిగా లేపి, ఎందుకు కూలిందో దాని సొంత నమోదులలో వెదకాలి. కారణం తెలియని నోడును చేర్చుకుంటే అది లేస్తూ పడుతూ, ప్రతిసారీ క్లస్టరు మొత్తాన్ని పదవుల మార్పిడిలోకి లాగుతుంది. దాని చిట్టాలో అసలు చిట్టాలో లేని రాతలుంటే వాటి ప్రతిని కార్యాలయానికి అప్పగించి, నకలుగా నింపి, అప్పుడు తీగ కలపాలి.

కలిపిన వెంటనే పూర్వపు పెద్దరికాన్ని దానికి అప్పగించే అలవాటు కొన్ని క్లస్టర్లలో ఉన్నది. ఆ ఏర్పాటును మాన్పడం ఉత్తమం. పేస్‌మేకర్ అనే క్లస్టరు ప్రోగ్రాములో స్టిక్కినెస్ అనే విలువను పెంచితే, పని ప్రస్తుతం ఎక్కడ నడుస్తున్నదో అక్కడే నిలుస్తుంది. తిరిగివచ్చిన నోడు కొన్ని దినాలు నకలుగానే ఉండి, అసలుకూ దానికీ మధ్య అంతరం సున్నాకు చేరి అక్కడే నిలుస్తున్నదని గమనించిన తరువాత, ఫీజు కౌంటరు మూసిన ఒక సాయంకాలం చూసి పదవి మార్చవచ్చు. మార్చకపోయినా లోటు లేదు.